బట్టీ ముందు పచ్చి జాడీలు

మా కోదండపాణి మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకి ముందుగా దక్కేది జవాబు కాదు, కాఫీ. అడిగినవాడు గ్లాసు ఖాళీ చేసేదాకా ఆయన నోరు విప్పరు. ఆ తర్వాత "వెళ్లిరా నాయనా" అనో, "పద, చూద్దాం" అనో అంటారు. రెండో మాట వచ్చిందంటే అడిగినవాడికి ఆ రోజు మూడినట్టే. చాలా ఏళ్లు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పారిశ్రామికవాడని ఆనుకుని ఉన్న చిన్న పెంకుటింట్లో కాపురం. పంపులు పోతపోసేవాళ్లూ, సిమెంటు పైపులు చేసేవాళ్లూ, బిస్కట్లు కాల్చేవాళ్లూ, ఎవరి ఫ్యాక్టరీకి జబ్బు చేసినా పొద్దున్నే ఆ వరండాలో తేలతారు. ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపు ఒకటి పెట్టుకుని చిక్కుల్లో పడి, నేనూ అలా చేరినవాణ్ణే. మేమంతా ఆయన శిష్యులమని ఊరంతా చెప్పుకుంటాం. ఆయన మాత్రం ఆ మాట ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆ వేసవి మొదట్లో ఒకరోజు విద్యాధర్ వచ్చాడు. మాలో అందరికంటే చిన్నవాడు. వాళ్ల మేనత్త సుభద్రమ్మగారికి జాడీల ఫ్యాక్టరీ ఉంది, దాన్ని ఇతనే చూసుకుంటున్నాడు. ఆవకాయ పెట్టుకునే పింగాణీ జాడీలు, పైన గోధుమరంగు, కింద తెలుపు, మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. మామూలుగా కళకళలాడుతూ ఉండే కుర్రాడు, ఆ రోజు మొహం పీక్కుపోయి ఉంది. కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు.

"మాస్టారూ, మా ఫ్యాక్టరీలో ఒక్క మనిషి ఖాళీగా లేడు. ఒక్క మిషను ఆగడం లేదు. కొనేవాళ్లు గుమ్మంలో కాసుకుని కూర్చున్నారు. అయినా ఏటికేడాదీ నష్టమే. లారీకి సరిపడా జాడీలు ఎప్పుడూ సమయానికి రావు. బట్టీ దగ్గర పనిచేసేవాళ్లు సోమరిపోతులని అత్తయ్య అంటోంది. ఈ సాయంత్రానికల్లా వాళ్లందరినీ పంపించెయ్యమంది. రేపు పొద్దున్న కొత్త ముఠా దిగుతోంది. చెప్పండి మాస్టారూ, వీళ్లని తీసేస్తే లాభం వస్తుందా?"

అడగడమైతే లాభం గురించే అడిగాడు గానీ, కుర్రాడి బాధ అది కాదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. బట్టీ ముఠా పెద్ద అసిరయ్య అని శ్రీకాకుళం వైపు మనిషి. ఫ్యాక్టరీ ఆవరణలోనే వరసగా ఉన్న రేకుల గదుల్లో ఆ ముఠావాళ్ల పెళ్లాంబిడ్డలు ఉంటున్నారు. ఉద్యోగం పోతే ఆ రాత్రికి తలదాచుకునే గూడూ పోతుంది. చిన్నప్పుడు విద్యాధర్‌ని భుజాలమీద ఎక్కించుకుని ఆ ఆవరణంతా తిప్పినవాడు ఆ అసిరయ్యే. ఇప్పుడు అతనికి వెళ్లిపొమ్మని చెప్పాల్సినవాడు ఇతను. నాకైతే జవాబు నాలుక చివరే ఉంది, పనిచెయ్యనివాణ్ణి పంపించెయ్యక నెత్తిన పెట్టుకుంటారా అని. అనబోతుంటే మాస్టారు నా వంక ఒక్క చూపు చూశారు. నోరు మూసుకున్నాను. విద్యాధర్ ఎలాగో ఆ చల్లారిన కాఫీ గొంతులో పోసుకున్నాక ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చి "పద, చూద్దాం" అన్నారు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక లారీ ఆగి ఉంది. దాని కింద గోనెపట్టా పరుచుకుని డ్రైవరు గురకపెడుతున్నాడు. నిన్న వచ్చాడట, సరుకు లేక అక్కడే పడి ఉన్నాడట. లోపలికి అడుగుపెట్టాక నేనైతే ముచ్చటపడ్డాను. చీమలపుట్ట కదిలినట్టు జనం. అచ్చుల షెడ్డులో కొత్త మిషను, బొట్లు పెట్టి, దండ వేసి, గిరగిరా తిరుగుతూ జాడీ తర్వాత జాడీ దింపుతోంది. ఆడవాళ్లు వరసగా నిలబడి తడిగుడ్డతో జాడీల మూతుల్ని నునుపు చేస్తున్నారు. మగవాళ్లు పచ్చి జాడీలు చెక్కపలకల మీద పెట్టుకుని మోస్తున్నారు. కాల్చని జాడీని అక్కడ పచ్చి జాడీ అంటారు, గట్టిగా పట్టుకుంటే విరిగిపోయేంత సుకుమారం. అలాంటివి షెడ్డు నిండా, షెడ్డు బయట అరుగు నిండా, అక్కణ్ణించి బట్టీ దాకా ఉన్న దారంతా, ఇంకా మాట్లాడితే బట్టీ గుమ్మానికి ఆనించి మరీ, నిలువెత్తు దొంతరలు. పిల్లి దూరడానికి సందు లేదు.

ఎక్కడా ఒక బల్ల గానీ స్టూలు గానీ లేదు. అది సుభద్రమ్మగారి భర్త బతికున్న రోజుల్లో పెట్టిన ఆనవాయితీ. ఆవరణలో కూర్చున్న మనిషి కనబడకూడదు. ఎవడి పని వాడికి అయిపోతే చేతులు ఊపుకుంటూ నిలబడకుండా పక్కవాళ్ల జాడీలకి ఓ చెయ్యి వెయ్యాలి. ఆయన పోయి ఏళ్లు గడిచినా సుభద్రమ్మగారు దాన్ని నిష్ఠగా నడిపిస్తున్నారు. ఆవిడ మమ్మల్ని ఎదురొచ్చి పిలిచి, ముందు ఆ గొప్పే చెప్పారు.

"చూశారా మాస్టారూ, మా దగ్గర కాలుమీద కాలేసుక్కూర్చున్నవాడు మీకు భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. ఉన్న తెగులంతా ఆ బట్టీ దగ్గరే. వాళ్లు ఎప్పుడు తలుపు తీస్తారో, ఎప్పుడు నింపుతారో ఆ దేవుడికే తెలియాలి."

"అమ్మా, ఒక్క పూట ఈ ఫ్యాక్టరీ నా చేతికిస్తారా?" అని మాస్టారు అడిగారు.

"పూటేం ఖర్మ, రోజంతా తీసుకోండి. వాళ్ల బద్ధకం మీ కళ్లతో మీరే చూడండి."

"మధ్యలో నేనేం చేసినా అడ్డుపడకూడదు."

"మీకు నేను అడ్డుపడతానా మాస్టారూ, ఎంత మాట!" అని ఆవిడ చెంపలు వేసుకున్నంత పనిచేశారు.

ఆయన తిన్నగా అచ్చుల షెడ్డులోకి వెళ్లి కొత్త మిషను మీట కిందికి దించేశారు. అంత గోలా ఒక్కసారి ఆగిపోయేసరికి చెవులు గింగురుమన్నాయి. ఆయుధపూజ రోజున తప్ప ఆగని మిషను అది. అందరూ చేతుల్లో పనులు చేతుల్లోనే ఉంచుకుని బిత్తరపోయి చూశారు. కరెంటు పోయిందా అని ఎవరో అడిగారు. సుభద్రమ్మగారి మొహం మాడింది గానీ, ఇచ్చిన మాట గుర్తొచ్చి పైట చెంగు బిగించి నిలబడ్డారు. మాస్టారు ఆ మూలన మట్టి దంచడానికి పెట్టిన రోకలి చేతిలోకి తీసుకున్నారు. దేనికబ్బా అనుకుంటూ ఉన్నాను. ఆయన బయటికి నడిచి, దారిలో మొట్టమొదటి దొంతర ముందు ఆగి, రోకలెత్తి ఫెడీమని కొట్టారు.

దొంతర దొంతరంతా ఒరిగి కుప్పకూలింది. పొరపాటున తగిలిందేమో అనుకోవడానికి కూడా వీల్లేకుండా రెండో దొంతర మీద పడింది రోకలి, ఆ వెంటనే మూడోది. ఎముకల గూడులా ఉండే ఆ మనిషి, పంచె ఎగ్గట్టి, ఎడాపెడా కొట్టుకుంటూ బట్టీ వైపు పోతున్నారు. ఒక్కసారిగా ఆవరణంతా కేకలు. ఈ ముసలాయనకి మతిపోయింది, నిన్నటి ఎండ తలకెక్కింది, ఇప్పుడు నేను వీళ్లకేం సమాధానం చెప్పను అనుకున్నాను. సుభద్రమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నచోటే కూలబడిపోయారు. విద్యాధర్ పరిగెత్తుకెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"మాస్టారూ! ఏం చేస్తున్నారు మాస్టారూ! మీకు దణ్ణం పెడతాను!"

"వదులు" అన్నారు ఆయన. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. వాడు వదిలేశాడు.

మూతులు నునుపు చేసే ఆడవాళ్లలో పైడమ్మ అని ఒకావిడ, తడిగుడ్డ నేలకేసి కొట్టి, ఏడుస్తూ ఆయనకి అడ్డంగా వచ్చింది. "మీ చేతులు పడిపోను! వారం దినాలనుంచి నా నడుం విరగ్గొట్టుకుని తుడిచిన జాడీలు! మీకేం పాపం చేశామయ్యా?" అని శాపనార్థాలు పెట్టింది. మాస్టారు రోకలి దించి, చెమట తుడుచుకుని, "తిట్టమ్మా. నీకు తిట్టే హక్కుంది" అన్నారు. ఆవిడ తిడుతూనే ఉంది, ఆయన మళ్లీ రోకలెత్తారు. అయితే ఒక సంగతి నాకు అప్పుడు ఆ కంగారులో తట్టలేదు. లోపలి చావిట్లో పూత పూసి, ఆరి, కాల్చడానికి సిద్ధంగా ఉన్న జాడీల జోలికి ఆయన పోలేదు. దారికి అడ్డంగా ఉన్న పచ్చి వాటినే పడగొట్టుకుంటూ వెళ్లారు. బట్టీ గుమ్మానికి ఆనించిన చివరి దొంతర కూడా కూలాక రోకలి కింద పెట్టి, రొప్పుతూ, "ఈ పెంకులన్నీ ఎత్తి నీళ్ల తొట్లో పొయ్యండి. నానితే రేపటికి మళ్లీ మట్టే, మీ మట్టి ఎక్కడికీ పోలేదు" అని చెప్పారు.

అచ్చుల షెడ్డువాళ్లు, చేసేదేముంది, తట్టలు తెచ్చి పెంకులు ఎత్తడం మొదలుపెట్టారు. పైడమ్మ గొణుగుతూనే ఎత్తింది. అంతసేపూ జాడీలు మోస్తున్న అసిరయ్యా, అతని ముఠావాళ్లూ ఖాళీ చేతులతో ఒక పక్కన నిలబడిపోయారు. మోయడానికి ఏమీ మిగల్లేదు మరి. నిలబడితే తప్పు, కూర్చుంటే ఇంకా తప్పు. అసిరయ్య తలపాగా విప్పి చేతిలో పట్టుకుని దగ్గరికొచ్చాడు.

"ఇప్పుడు మేమేటి మొయ్యాల బాబూ?"

"ఏమీ మొయ్యక్కర్లేదయ్యా. మీ పని మీరు చేసుకోండి" అన్నారు మాస్టారు.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత దారిలో మిగిలిన పెంకులు కాళ్లతో పక్కకి నెట్టుకుంటూ బట్టీ దగ్గరికి పోయి, గుమ్మానికి అడ్డంగా పేర్చిన ఇటుకలు ఊడదియ్యడం మొదలుపెట్టారు. అది చూసి సుభద్రమ్మగారు ఉలిక్కిపడి లేచారు. ఆవిడ ఎంత కోపంలో ఉన్నా, వాళ్లూ మనుషులే కదా. "ఒరేయ్, ఆగండ్రా! ఆ వేడికి మాడి చస్తారు!"

అసిరయ్య చేతిలో ఇటుక అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాడు. "వేడెక్కడిదమ్మా? నిన్న పొద్దుటేళకే సల్లారిపోనాది."

ఆవిడ నమ్మలేదు. గబగబా వెళ్లి బట్టీ గోడకి అరచెయ్యి ఆనించారు. తీసి మళ్లీ ఆనించారు. మేమంతా చూస్తూనే ఉన్నాం, ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. లారీ బయట కాసుకుని ఉంది. ఆ లారీకి ఎక్కాల్సిన జాడీలు కాలి, చల్లారి, ఈ గోడకి అవతల నిన్నటినుంచీ ఉన్నాయి.

"నిన్న చల్లారితే మరి తలుపు తియ్యలేదేంరా? నాతో చెప్పలేదేం?"

"దారేదమ్మా? ముందరంతా పచ్చి జాడీలే గదా. అవి తీసి ఎక్కడెట్టాల? ఇటుపక్కనుంచి అటు మోసినాం. అచ్చులవోళ్లు దింపీసరికి అటూ నిండిపోనాది. మళ్లీ ఇటు మోసినాం. మొయ్యమన్నారు, మోసినాం. కూకుంటే తప్పన్నారు గదా తల్లీ."

ఎకసెక్కంగా అన్నా బాగుండేది. మనిషి నిజంగానే, అడిగినదానికి జవాబు చెప్పాడు అంతే. సుభద్రమ్మగారు అరచెయ్యి చీరకి తుడుచుకుంటూ నిలబడ్డారు. ఇటుకలు ఊడాయి. బట్టీలోంచి మొదటి జాడీ బయటికొచ్చింది, ఎండలో తళతళలాడుతూ. తర్వాత చేతులమీదుగా చేతులకి అందుకుంటూ, బట్టీనుంచి గేటుదాకా మనుషులు వరస కట్టారు. అడ్డం లేని దారిలో అది ఎంత చప్పున జరిగిపోయిందంటే, గడ్డిలో చుట్టి లారీలో సర్దేవాడు ఆగండి బాబూ అని మొత్తుకున్నాడు. డ్రైవరు లారీ కిందినుంచి పాక్కుంటూ వచ్చి, నడుం పట్టుకుని, "ఏమైందండీ మీవాళ్లకి ఇవాళ, అమ్మోరు పూనిందా?" అని నన్నడిగాడు. పూనింది మా మాస్టారికి అని చెప్పాలనిపించింది గానీ నవ్వు రాలేదు.

పొద్దు వాలకుండానే లారీ నిండింది. లోపలి చావిట్లో ఉన్న పూత జాడీలతో బట్టీ మళ్లీ నిండింది. గుమ్మం ఇటుకలతో మూసి, మట్టితో మెత్తి, నిప్పు రాజేశారు. మామూలుగా ఆ నిప్పు ఎల్లుండికి గానీ పడేది కాదట. అచ్చుల మిషను అలా ఆగే ఉంది. దాని చుట్టూ పనిచేసేవాళ్లు, పెంకులెత్తడం అయిపోయాక ఏం చెయ్యాలో తోచక, బోర్లించిన తట్టలమీద కూర్చున్నారు. సుభద్రమ్మగారు వాళ్ల ముందునుంచే రెండుసార్లు నడిచారు. వాళ్లు లేవబోయారు, ఆవిడ పట్టించుకోలేదు.

"ఇన్ని పగలగొట్టేశారు గదరా" అంటున్నారు విద్యాధర్‌తో. "కళ్లముందే ఇన్ని నేలపాలయ్యాయి గదరా. ఒక్క జాడీ అయినా తక్కువ పడాలి గదా. లారీ ఎలా నిండిందిరా? మరైతే ఇన్నాళ్లూ మనం రేయింబవళ్లూ చేయించిందేంటి?"

వాడు అప్పటికే రేకుల గదుల వైపు చూస్తున్నాడు. అసిరయ్య గది ముందు గోనెసంచిలో కుక్కిన గిన్నెలు, తాడేసి కట్టిన పక్కబట్టలు, వాటిమీద బోర్లా పెట్టిన సత్తు బిందె ఉన్నాయి. ఎలా పొక్కిందో, పొక్కింది. వెళ్లిపొమ్మంటారని పొద్దున్నే తెలిసి, అతని భార్య మూటలు కట్టేసుకుంది. తెలిసీ ఆ మనిషి పొద్దుటినుంచీ జాడీలు మోశాడు, బట్టీ దింపాడు, మళ్లీ నింపాడు. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అది అర్థమైనప్పుడు నాకు పొద్దున్న మాస్టారి వరండాలో నోటిదాకా వచ్చిన మాట తలపుకొచ్చి, ఎక్కడైనా గొయ్యి ఉంటే దూరిపోవాలనిపించింది.

సుభద్రమ్మగారూ ఆ మూటల్ని చూశారు. ఫోను తీసి కొత్త ముఠా మేస్త్రీకి రావద్దని చెప్పారు. అవతలివాడు ఏదో గట్టిగా అంటున్నా వినకుండా పెట్టేశారు. ఆ తర్వాత ఎవర్నీ పంపకుండా తనే రేకుల గదుల దాకా నడిచివెళ్లి, అసిరయ్య భార్య ముందు నిలబడి, "విప్పెయ్యవే, మూటలు విప్పెయ్. పొయ్యి వెలిగించుకో. పిల్లలకి అన్నం వేళయింది" అన్నారు. ఆమె నమ్మలేనట్టు చూస్తూ ఉండిపోతే, ఈవిడే వంగి ఆ తాడు ముడి విప్పబోయారు. గట్టి ముడి, రాలేదు. ఆ ముడి దగ్గరే సుభద్రమ్మగారు ఏడ్చేశారు.

మేం బయల్దేరే వేళకి ఆవిడ మొహం కడుక్కుని గేటుదాకా వచ్చారు. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, ఎలా పోతుంది! "అయినా మాస్టారూ, అంత పని చెయ్యాలా? నా ప్రాణం పోయిందనుకున్నాను. మంచిగా మాటతో చెబితే నేను విననా?"

"ఎందుకు వినరమ్మా, వింటారు. విని, వాటిని జాగ్రత్తగా మోసి ఇంకో పక్కన పెట్టించేవారు" అన్నారు ఆయన.

విద్యాధర్ మాతో పాటు రోడ్డుదాకా నడిచాడు. మాస్టారి అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, వాటిని ఊదుకుంటూ నడుస్తున్నారు. కాసేపటికి కుర్రాడు ఆగి, "మాస్టారూ, పొద్దున్న నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు. మా నష్టం అసలు ఎక్కడుందంటారు?" అన్నాడు.

మాస్టారు కూడా ఆగారు. "నేను పచ్చిమట్టి మీద ఒక్క దెబ్బ వేస్తే మీరంతా గుండెలు బాదుకుని కేకలు పెట్టారు. నిన్న పొద్దుటినుంచీ బట్టీ చల్లగా నిలబడి ఉంటే, మీలో ఒక్కరూ కేక పెట్టలేదేం నాయనా?"